గండి మీద వంతెన, కింద రంగుల అడవి

మొదటి పది అడుగులు వేసేదాకా అందరూ ధైర్యంగానే ఉంటారు. కాళ్ళ కింద నేల లేదన్న సంగతి ఆ తరువాతే తెలిసివస్తుంది. వంతెన నడిమి భాగంలో పలకలకు బదులు ఇనుప జాలీ పరిచారు. దాని కన్నాల్లోంచి చూస్తే 173 మీటర్ల లోతున ఒక చిన్న నది వెండి తీగలా కనిపిస్తుంది. ఢిల్లీలోని కుతుబ్ మీనార్‌లాంటివి రెండు తెచ్చి, ఆ నదిలో ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా పైదాని శిఖరం వంతెనను తాకదు. గాలి వీచినప్పుడల్లా వంతెన కొద్దిగా ఊగుతుంది. పిల్లలు కేరింతలు కొడతారు. పెద్దవాళ్ళు మాత్రం పక్కనున్న కమ్మీని గట్టిగా పట్టుకుంటారు.

ఇంత భయపెట్టే చోటికి జనం ఎందుకు వస్తారు? తలెత్తి చుట్టూ చూస్తే జవాబు దొరుకుతుంది. గండికి రెండు వైపులా కొండవాలు మీద ఒక్కొక్క చెట్టు ఒక్కొక్క రంగులో ఉంటుంది. కుంకుమ ఎరుపు, పసుపుకొమ్ము పసుపు, పండిన నారింజ రంగు, వాటి మధ్య మధ్య ముదురు ఆకుపచ్చ. ఒక నెల ముందు వచ్చినవారికి ఇక్కడ కనిపించేది ఒకటే రంగు, ఆకుపచ్చ. ఒక నెల తరువాత వచ్చేవారికి కనిపించేవి ఎండు కొమ్మలు. ఈ రంగుల పండుగ ఆ రెండింటి నడుమ ఉన్న కొద్ది వారాలు మాత్రమే.

ఇది జపాన్ దేశంలోని దృశ్యం. ఆ దేశంలోని నాలుగు పెద్ద దీవుల్లో దక్షిణాన ఉన్నది క్యూషూ. ఆ దీవిలోని ఒయితా ప్రాంతంలో కొకొనోఎ అనే కొండ ఊరు ఉంది. అక్కడి నరుకో నది గండి మీద కట్టిన ఈ వంతెన పేరు కొకొనోఎ యుమె ఒత్సురిహాషి. జపాన్ భాషలో ‘యుమె’ అంటే కల, ‘ఒత్సురిహాషి’ అంటే పెద్ద వేలాడే వంతెన. దీనిని 2006 అక్టోబరు 30న ప్రారంభించారు. పొడవు 390 మీటర్లు, వెడల్పు ఒకటిన్నర మీటరు. దీని మీద బళ్ళు నడవవు, మనుషులు మాత్రమే నడుస్తారు. 2015 డిసెంబరులో మిషిమా అనే చోట 400 మీటర్ల వంతెన వచ్చేదాకా, కాలినడకన దాటే వేలాడే వంతెనల్లో జపాన్‌లో ఇదే పొడవైనది.

రండి, ఈ వంతెన మీద నిలబడి కొన్ని ప్రశ్నలు వేసుకుందాం. ఇక్కడ ఇంత లోతైన గండి ఎందుకుంది? వంతెన కింద ఒక్క స్తంభమైనా లేకుండా ఎలా నిలిచింది? ఆకులు ఎందుకు రంగు మారుస్తాయి? అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. ఆ రంగులు రావలసిన తేదీ ఏటేటా ఎందుకు జరిగిపోతోంది?

నిప్పు పోసిన నేల, నీరు కోసిన గండి

కొకొనోఎ చుట్టూ ఉన్నవి కూజూ పర్వతాలు. ఇవన్నీ అగ్నిపర్వతాలే. వీటిలో ఎత్తైన నకదకే శిఖరం 1,791 మీటర్లు. ఈ అగ్నిపర్వతాలు పూర్తిగా నిద్రపోలేదు. 1995 అక్టోబరులో కూడా ఇక్కడ ఆవిరి, బూడిద ఎగజిమ్మాయి. ఈ ఊరి పరిధిలోనే హచ్చోబారు అనే చోట భూగర్భంలోని వేడి ఆవిరితో విద్యుత్తు తయారు చేస్తున్నారు.

ఎన్నో సార్లు లావా ప్రవహించి, బూడిద కురిసి, పొరలు పొరలుగా గట్టిపడి ఈ నేల తయారైంది. దాని మీద పడిన వాననీరు వాలు వెంట పరుగెత్తింది. నది వేగంగా పారేటప్పుడు ఇసుకను, రాళ్ళను వెంట తీసుకుపోతుంది. ఆ రాళ్ళే ఆకురాయిలా అడుగును అరగదీస్తాయి. వేల ఏళ్ళు అలా అరిగితే నిట్రమైన గోడలతో లోతైన గండి ఏర్పడుతుంది. మన పెన్నా నది గండికోట దగ్గర కొండను కోసుకుపోయిన తీరు చూసినవారికి ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. అక్కడి రాయి వేరు, వయసు వేరు. కోసిన కత్తి మాత్రం ఒకటే, నీరు.

రాయి అన్నిచోట్లా ఒకేలా అరగదు. గట్టి రాయి నిలిచి, మెత్తని రాయి కరిగిపోయిన చోట నీరు దూకుతుంది. అదే జలపాతం. వంతెన మీదినుంచి అలాంటి జలపాతాలు కనిపిస్తాయి. వాటిని కలిపి షిందో జలపాతం అంటారు. ‘షిందో’ అంటే కంపించడం. అందులో ‘మగ జలపాతం’ ఎత్తు 83 మీటర్లు, ‘ఆడ జలపాతం’ ఎత్తు 93 మీటర్లు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. వంతెన మీదినుంచి ఒక గులకరాయి జారి పడిందనుకోండి. (నిజంగా వెయ్యకూడదు సుమా! కింద ఎవరైనా ఉండవచ్చు.) అది నీటిని చేరడానికి ఎంతసేపు పడుతుంది? వస్తువు పడిన దూరం, గురుత్వ త్వరణాన్ని కాలవర్గంతో గుణించి సగం చేసినదానికి సమానమని మీరు చదువుకున్నారు. 173 మీటర్లకు లెక్క వేస్తే, గాలి నిరోధాన్ని వదిలేస్తే, దాదాపు 6 సెకన్లు వస్తుంది. నెమ్మదిగా ఆరు అంకెలు లెక్కపెట్టి చూడండి. లోతు ఎంతో తెలుస్తుంది.

దండెం చెప్పే పాఠం

ఇంత లోతునుంచి స్తంభాలు లేపడం చాలా ఖర్చు, చాలా కష్టం. అందుకే కిందినుంచి మోయడం మాని, పైనుంచి వేలాడదీశారు. ఆ ఉపాయంలోని సూత్రం మీ పెరటిలోనే ఉంది.

రెండు గుంజల మధ్య కట్టిన దండెం మీద తడి దుప్పటి వెయ్యండి. తాడు నడుమ కిందికి వంగుతుంది. దాన్ని ఏమాత్రం వంగకుండా బిగించాలని లాగి చూడండి. ఎంత లాగినా కొంచెం వంపు మిగులుతుంది. ఇంకా లాగితే గుంజలు లోపలికి ఒరుగుతాయి, లేదా తాడు తెగుతుంది. ఎందుకంటే తాడు తన దారి వెంటే లాగగలదు. దుప్పటి బరువు కిందికి లాగుతుంటే, దాన్ని ఆపడానికి తాడు కొంచెమైనా పైకి వాలి ఉండాలి. వాలు ఎంత తక్కువైతే తాడులో బిగువు అంత ఎక్కువ కావాలి.

వంతెన కట్టే ఇంజనీర్లు అందుకే వంపుతో పోరాడరు, దాన్ని వాడుకుంటారు. గండికి రెండు అంచుల్లో రెండు ఎత్తైన స్తంభాలు నిలుపుతారు. ఉక్కు తీగలు పేని చేసిన లావుపాటి మోకులను వాటి మీదుగా వేసి, నడుమ తగినంత వంపు వదులుతారు. మోకుల కొసలను కొండలో పాతిన పెద్ద కాంక్రీటు దిమ్మెలకు బిగిస్తారు. ఆ మోకులనుంచి సన్నని తీగలు వేలాడదీసి, వాటికి నడిచే దారిని కడతారు. మీ బరువు దారినుంచి తీగకు, తీగనుంచి మోకుకు, మోకునుంచి స్తంభానికీ కొండకూ చేరుతుంది. చివరికి మిమ్మల్ని మోసేది కొండే.

ఈ వంతెనను 1,800 మంది పెద్దవాళ్ళు ఒకేసారి నిలబడినా తట్టుకునేలా కట్టారు. ఒక్కొక్కరు 65 కిలోలనుకుంటే అది 117 టన్నులు. సెకనుకు 65 మీటర్ల వేగంతో, అంటే గంటకు 234 కిలోమీటర్ల వేగంతో గాలి వీచినా, పెద్ద భూకంపం వచ్చినా నిలిచేలా లెక్కలు వేశారు. తుఫానులూ భూకంపాలూ రెండూ ఉన్న దేశం కదా! నడిమి జాలీ భయపెట్టడానికి పెట్టింది కాదు. దాని కన్నాల గుండా గాలి దాటిపోతుంది కాబట్టి అది వంతెనను తెరచాపలా ఎత్తలేదు.

వేలాడే వంతెనలు జపాన్‌కు కొత్తవి కావు. షికోకు దీవిలో ఇయా లోయ మీద అడవి తీగలతో అల్లిన 45 మీటర్ల వంతెన ఒకటుంది. కివీ పండు కాసే తీగకు దగ్గరి బంధువైన తీగతో దాన్ని అల్లుతారు. మూడేళ్ళకు ఒకసారి విప్పి కొత్త తీగలతో మళ్ళీ కడతారు. భద్రత కోసం ఇప్పుడు లోపల ఉక్కు తీగలు దాచారు. అడవి తీగకు బదులు ఉక్కు మోకు వచ్చింది, సూత్రం మాత్రం మారలేదు.

ఆకు లోపలి రహస్యం

ఇప్పుడు ఆకుల సంగతి చూద్దాం. శరత్కాలంలో రంగుల అడవులను చూడడానికి వెళ్ళడాన్ని జపాన్‌వారు ‘మొమిజిగరి’ అంటారు. మొమిజి అంటే రంగు మారిన ఆకు. గరి అంటే వేట. మేపుల్ చెట్టుకు వాళ్ళ భాషలో ‘కాఎదె’ అని పేరు. కప్ప చెయ్యి అన్న మాటనుంచి అది వచ్చింది. వేళ్ళు చాచిన అరచేతిలాంటి ఆ ఆకును చూస్తే పేరు ఎంత సరిపోయిందో తెలుస్తుంది.

వేసవిలో ఆ ఆకు పచ్చగా ఉండడానికి కారణం పత్రహరితం. సూర్యకాంతిని పట్టి, గాలినీ నీటినీ చక్కెరగా మార్చే పనికి అదే ముఖ్యం. అయితే పత్రహరితం ఎక్కువ కాలం నిలిచే పదార్థం కాదు. ఎండలో అది చెడిపోతూ ఉంటుంది, ఆకు దాన్ని మళ్ళీ మళ్ళీ తయారు చేసుకుంటూ ఉంటుంది. వేసవి అంతా ఈ మరమ్మతు నడుస్తుంది.

శరత్తు వచ్చి పగళ్ళు కురచవుతాయి, రాత్రులు చల్లబడతాయి. రాబోయే చలికాలంలో వేళ్ళు నీటిని సరిగా తీసుకోలేవు, లేత ఆకులు మంచుకు గడ్డకట్టి పాడవుతాయి. అందుకని చెట్టు ముందుగానే దుకాణం కట్టేస్తుంది. కొట్టు మూసే వ్యాపారి విలువైన సరుకు బయట వదలడు కదా! ఆకులోని మాంసకృత్తుల్లో చాలా నత్రజని ఉంది. చెట్టు వాటిని విడగొట్టి నత్రజనిని, భాస్వరాన్ని కొమ్మల్లోకీ కాండంలోకీ లాక్కుంటుంది. ఆకులోని నత్రజనిలో సుమారు సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, ఇలా తిరిగి దక్కుతుంది. వచ్చే వసంతంలో కొత్త చిగుళ్ళకు అదే పెట్టుబడి.

ఈ సర్దుబాటులో పత్రహరితం తయారీ ఆగిపోతుంది, ఉన్నది విరిగిపోతుంది. అప్పుడు పసుపు బయటపడుతుంది. దానికి కారణం కెరోటినాయిడ్లు అనే పదార్థాలు. క్యారెట్‌కూ మాగిన మామిడిపండుకూ రంగునిచ్చేవి కూడా ఇవే. ఇవి శరత్కాలంలో పుట్టినవి కావు. వసంతంనుంచీ ఆకులో ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆకుపచ్చ రంగు వాటిని కప్పేసింది, అంతే.

ఎరుపు సంగతి వేరు. ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు వేసవి ఆకులో దాదాపు ఉండవు. వాటిని ఆకు చివరి రోజుల్లో కొత్తగా తయారు చేస్తుంది. నేరేడుపండుకూ వంకాయ తొక్కకూ రంగునిచ్చేవి ఈ జాతి పదార్థాలే. వీటి తయారీకి చక్కెర కావాలి. పగలు మంచి ఎండ కాస్తే ఆకులో చక్కెర తయారవుతుంది. రాత్రి చల్లగా ఉంటే ఆ చక్కెర శ్వాసక్రియలో ఎక్కువగా ఖర్చు కాదు. తేటగా ఎండ కాసే పగళ్ళూ చల్లని రాత్రులూ వరసగా వచ్చిన ఏడు ఎరుపు గాఢంగా ఉండడానికి కారణం ఇదే.

అయితే రాలిపోబోయే ఆకుకు చక్కెర ఖర్చు చేసి రంగు వెయ్యడం ఎందుకు? దీని మీద శాస్త్రజ్ఞుల మధ్య వాదం నడుస్తూనే ఉంది. ఎరుపు ఒక గొడుగు అని కొందరంటారు. పత్రహరితం విరిగిపోయే రోజుల్లో ఎక్కువ వెలుతురు తగిలితే ఆకు కణాలు దెబ్బతింటాయి. ఎరుపు కొంత వెలుతురును అడ్డుకుంటే, ఆ లోపల చెట్టు తన నత్రజనిని తీసుకోగలుగుతుంది. ఎరుపు ఒక హెచ్చరిక అని మరికొందరంటారు. బ్రిటిష్ జీవశాస్త్రజ్ఞుడు డబ్ల్యు. డి. హామిల్టన్, శామ్ బ్రౌన్ కలిసి చేసిన ఈ ప్రతిపాదన 2001లో వెలువడింది. శరత్కాలంలో గుడ్లు పెట్టడానికి వచ్చే పేనుబంకలాంటి పురుగులకు “నేను బలంగా ఉన్నాను, నా జోలికి రాకు” అని చెట్టు రంగుతో చెబుతుందని వాళ్ళ భావన. రెండింటిలోనూ కొంత నిజం ఉండవచ్చు. మీలో ఎవరైనా పెద్దయ్యాక దీని మీద పనిచేయడానికి ఇంకా చోటుంది.

చివరికి తొడిమ మొదట్లో ఒక సన్నని పొర బలహీనపడుతుంది. దాని వెనుక చెట్టు బెరడులాంటి కట్టుతో గాయాన్ని మూసేస్తుంది. ఆ తరువాత చిన్న గాలి చాలు. ఆకు రాలి గండిలోకి తేలిపోతుంది.

కొండ దిగే రంగులు

వంతెన ఉన్న చోటు సముద్రమట్టానికి 777 మీటర్ల ఎత్తు. కొండ మీదికి పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది. సగటున 100 మీటర్లకు సుమారు 0.6 డిగ్రీల సెంటిగ్రేడు తగ్గుతుంది. ఆ లెక్కన తీరంలోని ఊళ్ళకంటే ఇక్కడ నాలుగున్నర డిగ్రీలు చల్లన. కాబట్టి ఇక్కడ రంగులు ముందే వస్తాయి. అక్టోబరు చివరినుంచి నవంబరు మధ్యదాకా వంతెన దగ్గర మంచి అదను. చుట్టూ ఉన్న శిఖరాల మీద అంతకన్నా ముందే ఎరుపు మొదలై, రోజురోజుకూ కిందికి దిగుతూ వస్తుంది.

దేశమంతటా కూడా ఇదే తీరు. ఉత్తరాన హొక్కైడో దీవిలోని దైసెత్సు పర్వతాల మీద సెప్టెంబరు మధ్యలోనే ఎరుపు కనిపిస్తుంది. అక్కడినుంచి దక్షిణానికి జరుగుతూ నవంబరు చివరికి, డిసెంబరు మొదటికి క్యూషూ మైదానాలను చేరుతుంది. వసంతంలో చెర్రీ పూలు దక్షిణంనుంచి ఉత్తరానికి వెళ్ళిన దారినే, శరత్తులో ఎరుపు వెనక్కి వస్తుంది. రాత్రి ఉష్ణోగ్రత 8 డిగ్రీలకు దిగితే రంగు మొదలవుతుందని, 5 డిగ్రీలకు దిగితే జోరందుకుంటుందని అక్కడివారు ఒక గుర్తు పెట్టుకుంటారు.

అంటే మనం వంతెన మీదినుంచి చూస్తున్నది ఒట్టి అందం కాదు. కొండ మొత్తం ఒక ఉష్ణమాపకం. ఆకులే అందులో పాదరసం.

జరిగిపోతున్న తేదీ

జపాన్ వాతావరణ సంస్థ 1953నుంచి దేశమంతటా ఒకే పద్ధతిలో ఈ తేదీలను నమోదు చేస్తోంది. పరిశీలన కేంద్రాలకు ఒక్కొక్క గుర్తు చెట్టు ఉంటుంది. దాని ఆకుల్లో ఎక్కువ భాగం ఎరుపెక్కిన రోజును పుస్తకంలో రాస్తారు. పని చిన్నదే. కాని దాన్ని మానకుండా డెబ్బై ఏళ్ళు చేశారు.

ఆ పుస్తకాలు ఏం చెబుతున్నాయి? మేపుల్ ఎరుపెక్కే తేదీ పదేళ్ళకు సుమారు మూడు రోజుల చొప్పున వెనక్కి జరుగుతోంది. యాభై ఏళ్ళకు అది దాదాపు అరనెల. చెర్రీ పూలు మాత్రం పదేళ్ళకు సుమారు ఒక రోజు చొప్పున ముందే పూస్తున్నాయి. చలికాలం రెండు వైపులనుంచీ కురచవుతోందన్నమాట. గత నూరేళ్ళలో జపాన్ సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి పైగా పెరిగింది. ఊళ్ళు పెరిగి, సిమెంటు కట్టడాలు వేడిని పట్టి ఉంచడం కూడా నగరాల్లోని కేంద్రాల మీద కొంత ప్రభావం చూపింది.

రెండు వారాలు ఆలస్యమైతే ఏమైంది, అప్పుడే చూడవచ్చు కదా అని మీరనవచ్చు. వేడి రాత్రుల్లో ఆకు తన చక్కెరను తానే ఖర్చు చేసుకుంటుంది. అప్పుడు ఎరుపు పలచబడుతుంది. వెచ్చదనాన్ని నమ్మి పచ్చగా మిగిలిన ఆకు మీద హఠాత్తుగా గడ్డమంచు పడితే, నత్రజనిని వెనక్కి తీసుకునే లోపే ఆకు చచ్చిపోతుంది. చెట్టుకు అది పెట్టుబడి నష్టం. ఆకుల మీద, పండ్ల మీద బతికే పురుగులూ పక్షులూ తమ కాలాన్ని చెట్ల కాలంతో సరిపెట్టుకున్నాయి. ఒకటి జరిగి మరొకటి జరగకపోతే ఆ పొత్తు చెడుతుంది.

వాతావరణ సంస్థ ఒకప్పుడు 34 రకాల మొక్కలను, 23 రకాల జంతువులను, పక్షులను, పురుగులను ఇలా గమనించేది. నగరాల కేంద్రాల చుట్టూ వాటిలో చాలావాటిని వెతికి పట్టుకోవడమే కష్టమైంది. 2021నుంచి ఆ జాబితా ఆరు మొక్కలకు తగ్గింది. అదృష్టవశాత్తు మేపుల్, గింకో ఆ ఆరింటిలో ఉన్నాయి. మిగతా పరిశీలనను మామూలు పౌరుల సాయంతో కొనసాగించే ప్రయత్నం అదే సంవత్సరం మొదలైంది.

మీ వీధిలోని బాదం చెట్టు

మన దగ్గర మేపుల్ అడవులు లేవు. మన పంచాంగంలో ఆకు రాలే కాలం శరత్తు కాదు, శిశిరం. నల్లమలలోనూ ఆదిలాబాదులోనూ టేకు చెట్లు ఆకు రాల్చేది మంచుకు భయపడి కాదు, నేలలో నీరు తగ్గిపోయి. కారణం వేరైనా, ఆకును వదిలేముందు విలువైన సరుకును వెనక్కి తీసుకునే పద్ధతి ఒకటే.

ఎర్రని ఆకు చూడాలంటే జపాన్ దాకా పోనక్కరలేదు. బడి ఆవరణలోనో వీధి చివరో పెద్ద ఆకుల బాదం చెట్టు ఉండే ఉంటుంది. చలికాలం చివర దాని ఆకులు ముదురు ఎరుపెక్కి రాలుతాయి. ఆ ఎరుపు కూడా ఆంథోసయనిన్లదే.

ఒక ప్రయోగం చేసి చూడండి. పచ్చని ఆకు ఒకటి సన్నగా తరిగి గాజు గ్లాసులో వేసి, మునిగేటంత సర్జికల్ స్పిరిట్ పొయ్యండి. ఆ గ్లాసును వేడినీళ్ళ గిన్నెలో అరగంట ఉంచండి. స్పిరిట్ త్వరగా అంటుకుంటుంది కనుక దగ్గరలో మంట ఉండకూడదు, పక్కన పెద్దవాళ్ళు ఉండాలి. ద్రవం పచ్చబడ్డాక వడపోత కాగితం ముక్క ఒకటి దానిలో కొస మునిగేలా వేలాడదీయండి. ద్రవం పైకి పాకేకొద్దీ ఆకుపచ్చకు వేరుగా పసుపు పట్టీ కనిపిస్తుంది. పచ్చని ఆకులో పసుపు దాగి ఉందనడానికి అదే సాక్ష్యం.

రెండో పని ఇంకా సులభం. ఒక బాదం చెట్టును మీ గుర్తు చెట్టుగా ఎంచుకోండి. వారానికి ఒకసారి చూడండి. మొదటి ఎర్ర ఆకు ఎప్పుడు కనిపించింది, సగం ఆకులు ఎప్పుడు ఎరుపెక్కాయి, కొత్త చిగురు ఎప్పుడు వచ్చింది, ఈ మూడు తేదీలూ నోటుపుస్తకంలో రాయండి. మన దేశంలో సీజన్‌వాచ్ అనే కార్యక్రమం కింద ఎన్నో బడుల పిల్లలు చెట్లను ఇలా గమనిస్తున్నారు. మీ బడి కూడా చేరవచ్చు. చేరకపోయినా పుస్తకం మానకండి. పై తరగతికి వెళ్ళేటప్పుడు దాన్ని కింది తరగతివారికి అప్పగించండి. జపాన్‌లో ఎరుపు ఎన్ని రోజులు ఆలస్యమైందో చెప్పగలగడానికి కారణం 1953లో ఎవరో ఒక చెట్టు ముందు నిలబడి తేదీ వెయ్యడమే. మీ ఊరి చెట్టుకు మొదటి తేదీ మీరు వెయ్యండి.